కోళ్ళగంప కింద తెప్పలు

ఇంద్రావతి ఒడ్డున టేకు తెప్పలను కట్టేసి, తిరుపతమ్మను ఎడ్లబండి ఎక్కించి పోయిన వారం కథను ఆపాం. ఎర్రయ్య సావుకారు చలిజ్వరంతో పోయాక భోపాల్‌పట్నం పెద్దలు కూర్చుని తేల్చిన మాట పాఠకులు మరిచిపోయి ఉండరు. ఈ ఏడు కలపను నది దించి గోదావరిలో పడేస్తే ఠేకా, అంటే కలప గుత్త, ఎర్రయ్య భార్య తిరుపతమ్మది. దించలేకపోతే ఆమె మరిది అప్పయ్యది. గడువుకు తారీఖు పెట్టలేదు. రేవుకు ఎదురుగా నది నడుమ దున్నరాయి అనే బండ ఉంది. నీళ్ళు తగ్గి ఆ బండ వీపు బయటపడిందంటే ఇక ఆ ఏడు తెప్పలు కదలవు. గడువంటే అదే. దుంగల మీద సర్కారు ముద్రలు వేయించడానికి తిరుపతమ్మ అడవి శాఖవాళ్ళ జంగ్లాత్ ఆఫీసుకు పోయిన ఒక్క రోజులో అప్పయ్య తెప్పలవాళ్ళను పిలిపించాడు. ఎవరు ఏ తెప్ప మీద ఉండాలో చెప్పాడు. అందరిచేతా సరే అనిపించాడు.

తెల్లవారింది. ఒక్కడూ రాలేదు.

ఉప్పలయ్య మేస్త్రి రేవు గట్టున గొంతుక్కూర్చుని నీళ్ళవైపు చూస్తున్నాడు. తెప్పలన్నీ ఒడ్డుకు ఒరుసుకుని కదులుతున్నాయి. పచ్చి టేకు దుంగ ఒంటరిగా తేలదు, మునుగుతుంది. దానికి రెండు పక్కలా వెదురు కట్టలు ఆనించి అడ్డతీగతో బిగిస్తేనే తెప్ప అవుతుంది. ఆ కట్టడం కోసం తెప్పలవాళ్ళ పెద్ద మాసా, అతని గుంపు వానాకాలమంతా పనిచేసింది. ఇప్పుడు వాటి మీద కొంగలు వాలి ఉన్నాయి.

ఉప్పలయ్యది తర్లగూడ. బండ్లు తోలుకుంటూ వచ్చి ఈ కలప కొట్టులో కుదురుకున్నాడు. ముగ్గురు యజమానుల కింద పనిచేశాడు గనుక ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూడడం ఆయనకు అలవాటైపోయింది. ఎర్రయ్య మెత్తని మనిషి. ఎవరొచ్చినా అన్నం పెట్టేవాడు, ఏ పనీ తనంతట తేల్చేవాడు కాదు. తెప్పల సంగతంతా మాసాకు వదిలేసి ఒడ్డున చుట్ట కాల్చుకునేవాడు. అప్పయ్య నిప్పు. జగదల్‌పూర్ గుమాస్తాల దగ్గర నెలకు కాని పని పొద్దుగూకేలోపు చేయించుకు రాగలడు. నోరు పెద్దది గాని చేతిలో మోసం లేదు. ఇక తిరుపతమ్మ. ఆమె కొట్టు గద్దె మీద కూర్చున్న మొదటి రోజు అందరినీ ప్రశ్నలు అడుగుతుంటే, పాపం ఏమీ తెలియక అడుగుతోంది అనుకున్నాడు ఉప్పలయ్య. రానురాను ఆ అనుమానం పోయింది. అడిగింది మరిచిపోదని, ఎవరిని ఏది అడగాలో ఆమెకు ముందే తెలుసునని అర్థమైంది. అయినా పైకి ఎప్పుడూ అనలేదు. ఆయన మాట్లాడే మనిషి కాదు.

బండి గంటలు వినిపించాయి. తిరుపతమ్మ దిగింది. ప్రయాణపు దుమ్ము చీర కుచ్చిళ్ళ దాకా ఉంది.

"ఏంది మేస్త్రీ, రేవు ఇట్ల ఖాళీగున్నది?"

ఉప్పలయ్య లేచి నిలబడేలోపే అప్పయ్య చేతికర్ర ఊపుకుంటూ వచ్చేశాడు.

"ఆయన్నేం అడుగుతవు వదినా, నన్నడుగు. నిన్న ఇదే తావుల ఒక్కొక్కన్ని పేరు పెట్టి పిలిచిన. నువ్వు ఈ తెప్ప, నువ్వు ఆ తెప్ప అని చెప్పిన. సరేనా అన్న. సరే అన్నరు. మొకం మీదనే అన్నరు."

"అందరా?"

"అందరూ."

"ఒక్కడు గూడ అడ్డం చెప్పలే?"

"ఒక్కడు గూడ."

"నేనుంటే అప్పుడే భయపడేదాన్ని," అంది తిరుపతమ్మ.

అప్పయ్య కర్రను ఇసుకలో గుచ్చాడు. "ఏం మాటది? మనిషి సరే అంటే భయపడేదేంది? నువ్వు ఇన్ని దినాలబట్టి ఒకన్ని నీళ్ళెట్లున్నయంటవు, ఇంకొకన్ని తాడెట్లున్నదంటవు. ఆడోళ్ళ పద్ధతి. నువ్వు అడిగినంతసేపు నది ఆగుతదా? రేంజరు గూడ నవ్వుతున్నడు, మీ ఇంట్ల మగోళ్ళు లేరా అని."

"నన్ను గూడ అడిగిండు నిన్న."

"ఏమన్నవు?"

"ఉన్నడు, రేవుకాడ అరుస్తున్నడు అన్న."

ఉప్పలయ్య ముఖం నదివైపు తిప్పుకున్నాడు. భుజాలు కదలకుండా నవ్వడం ఆయనకు వచ్చు.

"నవ్వులాట గాదు వదినా," అన్నాడు అప్పయ్య, గొంతు తగ్గించి. "దున్నరాయి చూడు. నిన్నటికి ఇవ్వాళ్టికి నీళ్ళ రంగు మారింది ఆడ. ఠేకా నీదైనా నాదైనా, దుంగలు ఒడ్డున కుళ్ళితే ఇద్దరి ఇల్లూ మునుగుతది. యుద్ధం నడుస్తున్నది, టేకుకు ఇంత గిరాకి మళ్ళ రాదు. పోదాం నడువు పల్లెకు. ఎందుకు రాలేదో నిలబెట్టి అడుగుత."

"నిలబెట్టి అడిగితే మళ్ళ సరే అంటరు మరిదీ. ఎదురుంగ నిలబడ్డ మనిషిని కాదనుడు వాళ్ళకు రాదు. అది గడపల నుంచి నెట్టినట్టు వాళ్ళకు. నువ్వు ప్రశ్న అడగవు, జవాబు అడుగుతవు. నీకు కావలసిందే ఇస్తరు, మర్యాదకు."

"మరి నువ్వేం చేస్తవు?"

"పోయి కూసుంట."

మాసా పల్లె రేవుకు అంత దూరమేమీ కాదు. అడవి అంచున వెదురు దడుల ఇళ్ళు. మాసా ఇంటి ముందు అతని తల్లి భీమే ఇప్పగింజల పొట్టు ఒలుస్తోంది, నూనె తీయడానికి. మాసా, అతని తమ్ముడు లచ్చు దడి పక్కన నిలబడ్డారు. ఒక్కొక్కరే మిగతా తెప్పలవాళ్ళు కూడా వచ్చి చేరారు. ఎవరి ముఖంలోనూ కోపం లేదు. పిలవని పెళ్ళికి వచ్చినవాళ్ళలా నేల చూస్తున్నారు.

"దండాలు సావుకారమ్మా," అన్నాడు మాసా.

తిరుపతమ్మ భీమే ఎదురుగా నేల మీద కూర్చుంది. గింజల కుప్ప తనవైపు లాక్కుని ఒలవడం మొదలుపెట్టింది. భీమే ఆమె వేళ్ళు చూసి, "గట్ల గాదు బిడ్డా, గోరు పోతది," అని రాయి అందించింది. ఇద్దరూ గింజల గురించి మాట్లాడుకున్నారు. ఈ ఏడు ఇప్ప బాగా కాసిందా, నూనె ఏ గానుగలో ఆడిస్తున్నారు, లచ్చుకు పిల్ల కుదిరిందా. అప్పయ్య దడికి ఆనుకుని ఒకసారి, విడిచి ఒకసారి నిలబడ్డాడు. నోటి వరకు వచ్చిన మాటను మింగుతున్నప్పుడల్లా అతని గొంతుముడి పైకీ కిందికీ ఆడుతోంది. ఉప్పలయ్యకు అతని మీద జాలి కలిగింది. ఎద్దును కాడి కింద ఊరికే నిలబెట్టడం తోలడం కంటే కష్టమని బండ్లు తోలినవాడికి తెలుసు.

కాసేపయ్యాక తిరుపతమ్మ చేతులు దులుపుకుని, పొయ్యి పక్కనున్న కట్టెపేళ్ళు ఏరింది. వాటిని వాకిట్లో ఒకదాని వెనక ఒకటి పేర్చింది. తెప్పల వరుస. ఒక్కో పేడు మీద ముందొక గింజ, వెనకొక గింజ పెట్టింది. ముందు గడ పట్టేవాడు, వెనక గడ పట్టేవాడు.

"మరిది చెప్పినట్టే పెడుతున్న. ముందు తెప్ప మీద మాసా, లచ్చు. దాని వెనక..." అంటూ ఒక్కొక్కరి పేరే చెప్పి, మళ్ళీ పోల్చుకోగలిగే గింజను ఏరి పెట్టింది.

"నేనే చెప్పిన," అన్నాడు అప్పయ్య, ఇక ఉండబట్టలేక. "అన్నదమ్ములైతే ఒకరి చెయ్యి ఒకరికి తెలుస్తది. మాట అక్కర్లేకుంటనే గడ తిరుగుతది. కాదంటరా?"

"కాదనం దొరా," అన్నాడు మాసా. "మంచిగనే ఉన్నది."

"చూసినవా!" అన్నాడు అప్పయ్య.

మాసా ఆ మాట అన్నప్పుడు భీమే చేతిలో రాయి గింజ మీద పడకుండా గాలిలో ఆగింది. నిన్న రేవులో అప్పయ్య ఇవే పేర్లు చదివినప్పుడు మాసా ముఖం కూడా ఇలాగే ఒక్క రెప్పపాటు ఆగిందని ఉప్పలయ్యకు గుర్తొచ్చింది. ఎందుకో మాత్రం తెలియదు.

తిరుపతమ్మ లేచింది. "ఇందుల నాకు తెల్వనిది ఏమన్నా ఉంటే, మార్చుండ్రి. నేను చూసేటప్పుడు గాదు, పోయినంక. ఇవ్వాళ జవాబు నేను తీసుకోను. పొద్దున వస్త."

"వదినా!" అప్పయ్య గొంతు పగిలింది. "ఇంకో పూటా? పొద్దునకు రాయి లేస్తది!"

"లేస్తే లేస్తది. ఠేకా నీకొస్తది. ఇంకేం కావాలె?"

అప్పయ్య కర్ర తీసుకుని ముందుకు కదిలాడు. దారి పొడుగునా కర్రతో తుప్పలు కొట్టుకుంటూ నడిచాడు. తిరుపతమ్మ వాగు దగ్గర ఆగి కడిగిన కాలినే మళ్ళీ మళ్ళీ కడుక్కోవడం ఉప్పలయ్య చూశాడు. పల్లెలో అంత నిబ్బరంగా కూర్చున్న మనిషి. ఆమెకూ భయముంది. ఆ భయాన్ని ఎక్కడ దిగబెట్టి రావాలో తెలుసు, అంతే. తను పనిచేసిన మగ యజమానులెవరికీ తెలియని విద్య అది అనుకున్నాడు.

పొద్దున వాళ్ళు వెళ్ళేసరికి వాకిలి ఊడ్చి ఉంది. కట్టెపేళ్ళు కనిపించలేదు. అప్పయ్య వదినవైపు చూశాడు, ఇప్పుడేమంటావన్నట్టు. భీమే గుమ్మంలో కూర్చుని గడ్డంతో వాకిలి నడుమనున్న కోళ్ళగంపను చూపించింది.

తిరుపతమ్మ వంగి గంప ఎత్తింది. కింద తెప్పలన్నీ ఉన్నాయి. కోళ్ళు చెదరగొట్టకుండా రాత్రంతా గంప బోర్లించి కాపాడారు. పేళ్ళు పెట్టినచోటే ఉన్నాయి. గింజలు మాత్రం మారాయి.

ముగ్గురూ వంగి చూశారు. నిన్న ముందు పేడు మీద ఉన్న రెండు గింజల్లో చిన్నది ఇప్పుడు చిట్టచివరి పేడు మీద ఉంది. అంటే లచ్చు. నడిమి తెప్ప మీది అన్నదమ్ములూ విడిపోయారు. ఒక తండ్రీ కొడుకూ విడిపోయారు. ఏ పేడు మీదా ఒకే ఇంటి గింజలు రెండు లేవు.

తిరుపతమ్మ ముఖం మెల్లగా పాలిపోయింది. ఆమెకు అర్థమైందని ఉప్పలయ్యకు అర్థమైంది. ఆ వెంటనే ఆయనకూ తెలిసింది. తెప్ప బండకు తగిలి విడిపోతే దాని మీదున్న ఇద్దరూ పోతారు. ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళైతే ఆ ఇంటి పొయ్యి ఆరిపోతుంది. ఎర్రయ్య కాలంలో మనుషులను కూర్చోబెట్టేది మాసాయే కనుక ఈ కట్టుబాటు ఒకటుందని కొట్టులో ఎవరికీ తెలిసే అవసరమే రాలేదు. అడిగినా చెప్పరు. నదిలోకి దిగబోయే ముందు ఆ మాట నోట పలికితే నది వింటుందని వాళ్ళ భయం.

"ఓహో!" అన్నాడు అప్పయ్య. "అన్నదమ్ములు ఒక్క తెప్ప మీదుంటే—"

"నోరు ముయ్యి అప్పయ్యా!"

కోళ్ళు కూడా ఉలిక్కిపడ్డాయి. మరిదీ అనడమే తప్ప పేరుపెట్టి పిలవని మనిషి. భీమే ముసలికళ్ళు తిరుపతమ్మ మీద నిలిచాయి. ఆ చూపులో ఉన్నదానికి ఉప్పలయ్య దగ్గర మాట లేదు గాని, ఇంటికొచ్చిన కొత్తకోడలు మొదటిసారి పొయ్యి సరిగా రాజేసినప్పుడు తన తల్లి అలాగే చూసింది.

తిరుపతమ్మ గింజలను కదిలించకుండా గంపను మళ్ళీ బోర్లించింది. "మంచిగున్నది అవ్వా. ఇట్లనే పోదాం," అంది. ఇంకేమీ అడగలేదు.

"ఇప్పుడు వస్తరు బిడ్డా," అంది భీమే.

తిరుగుదారిలో ఆమె మరిదికి మెల్లగా విడమరిచి చెప్పింది. అప్పయ్య చాలాసేపు నడిచాడు, తుప్పలు కొట్టకుండా.

"అన్న, నేను ఒక్క బండిలనే తిరిగినం వదినా అన్ని ఏండ్లు," అన్నాడు చివరికి. "వాగులు దాటినం. ఎవ్వరు వద్దనలే మాకు."

"మనకు వద్దనేటోళ్ళు లేకపోయిండ్రు మరిదీ."

"నేను మంచికే చెప్పిన."

"నాకు తెల్వదా? నీ లెక్క నేనూ అట్లనే పెట్టేదాన్ని. చెప్పి ఊకున్నవు నువ్వు. నేను చెప్పి, తప్పేందో చూపియ్యమన్న. గంతే తేడా."

అప్పయ్య తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం కొంచెం ఎక్కువసేపే సాగింది.

రేవుకు చేరేసరికి మాసా గుంపు అడ్డదారిన ముందే వచ్చి ఉంది. గడలు, అటుకుల మూటలు, వంటకుండలు. చివరి తెప్ప దగ్గర లచ్చు ఎర్ర తలపాగా కనిపిస్తోంది. దున్నరాయి మీద నీళ్ళు పలచగా మెరుస్తున్నాయి. బండ రంగు తెలుస్తోంది, వీపు ఇంకా లేవలేదు.

అప్పయ్య అలవాటుగా చేతికర్ర పైకెత్తాడు, విప్పండని అరవడానికి. ఎత్తిన కర్రను దించాడు. గొంతు సవరించుకున్నాడు. కాళ్ళు అటూ ఇటూ మార్చాడు.

"ఏం మాసా," అన్నాడు, అరువు తెచ్చుకున్న గొంతుతో. "విప్పుదమా?"

మాసా నదివైపు చూశాడు. మలుపు దగ్గర మంచు తెరలా నిలిచి ఉంది. తర్వాత అప్పయ్య కళ్ళలోకి సూటిగా చూశాడు.

"వద్దు దొరా. ఇంక ఆగాలె."

ఇన్నేళ్ళలో ఆ ఇంటివాళ్ళకు మాసా నోట వద్దు అనే మాట రావడం ఉప్పలయ్య ఎన్నడూ వినలేదు. ఆ మాట వినడానికి తిరుపతమ్మ నిన్న నేల మీద కూర్చుందని, అది ఎవరికీ ఊరికే దొరికేది కాదని ఆయనకు తోచింది. అప్పయ్య ఒక క్షణం ఎర్రబడ్డాడు. మరుక్షణం పెద్దగా నవ్వాడు.

"విన్నవా వదినా, నన్ను కాదన్నడు!"

"నిన్ను మనోడు అనుకున్నడు," అంది ఆమె.

మంచు విడిపోయింది. మాసా చెయ్యి ఊపాడు. తీగలు తెగ్గొట్టారు. తెప్పలు ఒకదాని వెనక ఒకటి ఒడ్డును వదిలి దున్నరాయి పక్కగా జారిపోయాయి. చివరి తెప్ప రాయిని దాటినప్పుడు అప్పయ్య కర్ర తీసుకెళ్ళి వదిన కాళ్ళ దగ్గర పెట్టాడు. "పెద్దలకు నేనే పోయి చెప్త, ఠేకా నీదేనని. రేంజరుకు గూడ చెప్త, అరిచేటోడు ఇకనుంచి నీ దగ్గర కొలువులున్నడని." తిరుపతమ్మ నవ్వింది. భర్త పోయాక ఆమె పళ్ళు కనిపించేలా నవ్వడం ఉప్పలయ్య అదే మొదటిసారి చూడడం.

ఆ నవ్వు ఆగిపోయింది.

పల్లె నుంచి వచ్చి పక్కనే నిలబడ్డ భీమే ఆమె మణికట్టు పట్టుకుంది. ముసలి వేళ్ళు బిగుసుకున్నాయి. భీమే మాట్లాడడం లేదు, మాట్లాడకూడదు కూడా. చివరి తెప్పవైపు చూస్తోంది. ఉప్పలయ్యా చూశాడు. వెనక గడ పట్టినవాడి తలకు ఎర్ర తలపాగా ఉంది. తలపాగా లచ్చుదే. దాని కింది మనిషి లచ్చు కాదు. ఆ భుజాలు, ఆ గడ పట్టే తీరు ఈ పల్లెలో ఎవరివీ కావు.

ముందు తెప్ప మలుపు తిరుగుతోంది. దాని మీద వంటకని వేసిన ఆకుల పందిరి లోంచి ఒక మనిషి వంగి బయటికి వచ్చాడు. మాసా వీపు వెనక, అతనికి తెలియకుండా, ఉత్త తలతో నిలబడ్డాడు.

లచ్చు.

అన్నదమ్ములిద్దరూ ఒకే తెప్ప మీద. మలుపు దాటితే సంగమం. సంగమం దగ్గర బండలు.

"మేస్త్రీ, దోనె విప్పు," అంది తిరుపతమ్మ. కొంగు నడుముకు బిగించి అప్పటికే నీళ్ళలోకి దిగింది.

"ఆగు వదినా!" అప్పయ్య వెంట పరుగెత్తాడు. "ఎవర్నన్నా అడిగి పోదాం. నీళ్ళ సంగతి తెలిసినోళ్ళను—"

"తెలిసినోళ్ళంతా ఆ తెప్పల మీదున్నరు," అంది ఆమె, వెనక్కి చూడకుండా. "మేస్త్రీ! విప్పమన్న."

అది ఆమె నోట ఉప్పలయ్యకు వచ్చిన మొదటి ఆజ్ఞ. ముడి విప్పే తీరిక లేదు. ఆయన కత్తితో తాడు కోసేశాడు.